పత్తి కట్టె నుంచి పార్టికల్ బోర్డు

పత్తి ఏరడం పూర్తయ్యాక చేలో ఎండిన కట్టె మిగులుతుంది. హెక్టారుకు సుమారు 2 నుంచి 3 టన్నులు. కొంత పొయ్యిలోకి పోతుంది. మిగిలినదాన్ని చాలాచోట్ల చేలోనే తగలబెడతారు. మరోవైపు బల్లలకు, అలమరలకు కలప కావాలి. 1988 నాటి జాతీయ అటవీ విధానం కలపకు ప్రత్యామ్నాయాలు వాడాలని సూచించింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో అడవుల నరికివేతపై ఆంక్షలు బిగిశాయి. మరి, చేలో కాలిపోయే కట్టె కలప స్థానంలోకి రాగలదా?

కలపలో సెల్యులోజు పోగులను లిగ్నిన్ అనే సహజమైన జిగురు పట్టి ఉంచుతుంది. పత్తి కాండంలోనూ ఇవే పదార్థాలున్నాయి. అది గడ్డిలా కాక చెట్టు కలపను పోలి ఉంటుంది. అందుకే ముంబాయిలోని కేంద్రీయ పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ దీనితో పార్టికల్ బోర్డు చేసే పద్ధతిని రూపొందించింది.

తయారీ ఎలా జరుగుతుంది? కట్టెను ముక్కలుగా నరికి, రేణువులుగా నలగగొడతారు. తేమ బాగా తగ్గేదాకా ఆరబెడతారు. తేమ ఎక్కువైతే ప్రెస్సులో ఆవిరి పుట్టి బోర్డు లోపల పగులుతుంది. తరువాత యూరియా ఫార్మాల్డిహైడ్ రెజిన్ చల్లి, సన్నని రేణువులు పైనా కిందా, ముతకవి మధ్యలో వచ్చేలా పరుస్తారు. వేడి ప్రెస్సులో కొన్ని నిమిషాలు నొక్కితే రెజిన్ గట్టిపడి బోర్డు తయారవుతుంది. విరిగిన బల్ల అంచును గమనించండి, ఈ పొరలు కనిపిస్తాయి.

అన్ని వ్యర్థాలూ ఇంత సులువుగా లొంగవు. చెరకు పిప్పిలో మెత్తని బెండు ఉంటుంది. అది రెజిన్‌ను పీల్చేసుకుంటుంది కాబట్టి ముందే వేరుచేయాలి. పైగా చక్కెర మిల్లుకు పిప్పే బాయిలర్ ఇంధనం. వరిగడ్డి పైన మైనపు పూత, లోపల సిలికా ఉంటాయి. మామూలు రెజిన్ దానికి సరిగా అంటదు, సిలికా కత్తులను అరగదీస్తుంది. ఐసోసయనేట్ జిగురు గడ్డికి బాగా పడుతుంది. కాని దాని ధర ఎక్కువ, ప్రెస్సు పలకలకూ అంటుకుంటుంది.

ఫార్మాల్డిహైడ్‌తోనూ చిక్కుంది. బోర్డు నుంచి అది కొద్దికొద్దిగా గాలిలోకి వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. అందుచేత దాన్ని తక్కువగా విడుదల చేసే రెజిన్ వాడాలి.

అసలు పరీక్ష ఫ్యాక్టరీ బయట ఉంది. కట్టె కొద్ది నెలలే దొరుకుతుంది, ఫ్యాక్టరీ ఏడాది పొడవునా నడవాలి. కట్టె తేలిక, కాని లారీ నిండా చోటు ఆక్రమిస్తుంది. దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. కాబట్టి ఊళ్ల దగ్గరే కట్టెను ముక్కలు చేసి పంపడం మేలు.

ఇందులో రైతుకు మరో లాభముంది. గులాబీరంగు కాయతొలుచు పురుగు పాత కట్టెలోని ఎండుకాయల్లో దాక్కుంటుంది. కట్టెను సకాలంలో తొలగిస్తే తరువాతి పంటకు బెడద తగ్గుతుంది. ఆంధ్ర, తెలంగాణ పత్తి రైతులకు ఈ పురుగు కొత్త కాదు. కట్టెకు గిట్టుబాటు ధర దక్కితే చేలో నిప్పు పెట్టే అవసరమే ఉండదు.