సిజేరియన్ నొప్పి: ఓర్చుకోవలసిందేనా?

కాన్పు ఆపరేషను అనగానే మా వరంగల్ ప్రాంతంలో తల్లులు అడిగే మొదటి ప్రశ్న: "నిలువు కోతా, అడ్డకోతా?" అడగవలసిన ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. దేశం మొత్తం మీద చూస్తే అవి 21కి పైగా మాత్రమే.

బొడ్డు కింద నిలువుగా కోయడం పాత పద్ధతి. జర్మన్ వైద్యుడు ఫానెన్‌స్టీల్ 1900లో పొత్తికడుపు మీద అడ్డకోత పద్ధతిని వివరించాడు. దగ్గినా, లేచినా నిలువు కోత మీద పడినంత లాగుడు దీని మీద పడదు. తరువాత వచ్చిన జోయెల్-కోహెన్ పద్ధతిలో కోత కాస్త పైన, తిన్నగా ఉంటుంది. లోపలి పొరలను కత్తితో కోయడం తగ్గించి, వేళ్లతో విడదీస్తారు. దీనివల్ల రక్తస్రావం, మొదటి రోజుల నొప్పి కొంత తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ఎవరికి ఏ కోత తగినదో మాత్రం డాక్టరే నిర్ణయించాలి.

ఏ కోతయినా, వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. అప్పుడు "ఆడదన్నాక ఓర్చుకోవాలి" అని మందు మానిపించడం పెద్ద పొరపాటు. నొప్పితో కదలని బాలింతకు కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. బిడ్డకు పాలివ్వడమూ కష్టమవుతుంది. నొప్పి ముదిరాక కాదు, డాక్టరు చెప్పిన వేళకే మాత్ర వేసుకోవాలి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలలోకి చాలా స్వల్పంగానే చేరతాయి కనుక బిడ్డకు భయం లేదు. కడుపులో పుండు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

కాళ్లకు స్పర్శ, బలం వచ్చాక, మొదటి 24 గంటల్లోనే మరొకరి ఆసరాతో లేచి నాలుగడుగులు వేయాలి. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, చేతులు ఆనించి లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. పక్కకు పడుకుని పాలిస్తే పొట్ట మీద బరువు పడదు.

పప్పు తింటే చీము పడుతుందనీ, నీళ్లు తాగితే కుట్లు నానుతాయనీ పెద్దలు అంటారు. రెండూ నిజం కావు. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పాలు అవసరం. నీళ్లు తగ్గితే మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడల్లా నొప్పి పెరుగుతుంది.

రోజురోజుకూ తగ్గవలసిన నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, కుట్లు ఎర్రబడి చీము కారినా, దుర్వాసనతో స్రావమైనా, రక్తస్రావం ఎక్కువైనా, పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.