మీకు తెలుసా? ఇంటి పక్క బడి కథ

అమెరికాలో బడుల గొడవలన్నిటికీ తల్లిలాంటి కేసు మొదలైంది ఇంటి పక్క బడి కోసమే! కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో లిండా బ్రౌన్ అనే నల్లజాతి పాప ఇంటికి ఏడు బ్లాకుల దూరంలో సమ్నర్ స్కూలు ఉండేది. అది తెల్లవాళ్ల బడి, పాపకు ప్రవేశం లేదు. రైలు పట్టాల పక్కన నడిచి, బస్సెక్కి, దూరంగా ఉన్న మన్రో స్కూలుకు పోవాలి. తండ్రి ఆలివర్ బ్రౌన్ పేరు మీద నడిచిన ఆ కేసులో, జాతిని బట్టి పిల్లల్ని వేరు బడుల్లో కూర్చోబెట్టడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ‘మా పిల్లలకు మా ఇంటి పక్క బడే కావాలి’ అన్న మాట, పిల్లల్ని కలపొద్దనే వాళ్ల నినాదమైపోయింది.

రెండో పెద్ద కేసుకు మన దేశంతో చుట్టరికం ఉంది. డేరియస్ స్వాన్, వేరా స్వాన్ అనే నల్లజాతి దంపతులు భారతదేశంలో మిషనరీలుగా పనిచేసి, 1964లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో స్థిరపడ్డారు. ఇండియాలో అందరితో కలిసి పెరిగిన కొడుకు జేమ్స్‌కు రంగును బట్టి బడి ఉంటుందన్న సంగతే తెలియదు. ఇంటి దగ్గర్లోనే నల్లా తెల్లా పిల్లలు కలిసి చదివే బడి ఉన్నా, అధికారులు అతన్ని నల్లపిల్లలు మాత్రమే చదివే బడికి కేటాయించారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1971లో సుప్రీంకోర్టు జడ్జీలంతా ఒక్కమాటగా, అవసరమైతే బస్సుల్లో తిప్పైనా పిల్లల్ని కలపొచ్చన్నారు.

అక్కడితో ‘బస్సింగ్’ అన్న మాట ఇంటింటి తగవైంది. బోస్టన్‌లో 1974లో బడి బస్సుల మీద రాళ్లు పడ్డాయి. షార్లెట్ మాత్రం మెల్లగా అలవాటు పడింది. 1984 ఎన్నికల ప్రచారానికి వచ్చిన అధ్యక్షుడు రీగన్ అక్కడ బస్సింగ్‌ను తిట్టిపోస్తే, చప్పట్లు మోగాల్సిన చోట సభ మౌనంగా ఉండిపోయింది. ‘మీరు పొరబడ్డారు ప్రెసిడెంట్ గారూ’ అన్న అర్థంలో స్థానిక పత్రిక సంపాదకీయం రాసింది.

నన్నడిగితే, బస్సు తిన్న తిట్లలో సగం ఇళ్ల పటాలకు చెందాలి. 1930లలో ప్రభుత్వ సంస్థే పటాల మీద నల్లవాళ్ల పేటలకు ఎర్రరంగు పూసి, అప్పులివ్వడం ప్రమాదమని గుర్తు పెట్టింది. పేటలు విడిపోయాక పేట బడి కలిసి ఎలా ఉంటుంది? పైగా డెట్రాయిట్ బడుల కేసులో, తప్పు చేశాయని తేలని శివారు బడి జిల్లాలను నగర బడులతో కలపలేమని 1974లో సుప్రీంకోర్టు 5–4 తీర్పు ఇచ్చింది. బస్సింగ్ తప్పించుకోను శివారుకు మారిపోయినవాళ్లకు అదే రక్షణ గోడ.

జాతికి బదులు ఆదాయం చూసి పిల్లల్ని కలిపే దారీ ఉంది, అదే లంచ్ లెక్క. నార్త్ కరోలినాలోనే రాలీ నగరమున్న వేక్ కౌంటీ 2000లో జాతి సంగతి పక్కనపెట్టి, ఉచితంగానో తగ్గింపు ధరకో మధ్యాహ్న భోజనానికి అర్హులైన పిల్లలు ఏ బడిలోనూ 40 శాతం దాటకూడదని లక్ష్యం పెట్టుకుంది. ఆ భోజనానికి అర్హత కుటుంబ ఆదాయాన్ని బట్టి కాబట్టి, పేదరికానికి అదే కొలబద్ద. దీనికి ముందుచూపు ఉందని 2007లో తేలింది: ఒక్కో పిల్లవాడి జాతి చూసి సీటు కేటాయించిన సియాటిల్, లూయీవిల్ పద్ధతులను సుప్రీంకోర్టు 5–4తో కొట్టేసింది. ఆదాయం లెక్కకు ఆ చిక్కు లేదు.

కోర్టు చిక్కు లేకపోయినా ఓటు చిక్కు ఉంది. 2009 ఎన్నికల్లో వేక్ స్కూలు బోర్డు ఆ విధానం వద్దనేవాళ్ల చేతికి వెళ్లింది. 2010లో ఆ విధానాన్ని 5–4తోనే తీసేశారు. 2011లో ఓటర్లు బోర్డును మళ్లీ మార్చేశారు.

ఈ కౌంటీలోనే మన తెలుగువాళ్లు గుంపుగా ఉండే కేరీ పట్టణం, అందులో వేంకటేశ్వరస్వామి గుడి. అక్కడ ఇల్లు చూడ్డానికి వెళితే తూర్పు ముఖమా అన్న ప్రశ్నతో పోటీ పడేది ‘బేస్ స్కూల్ ఏది?’ అన్న ప్రశ్న, అంటే ఆ చిరునామాకు కేటాయించిన బడి ఏదని. జనాభా పెరిగి కొత్త బడులు కట్టినప్పుడల్లా బోర్డు హద్దులు మళ్లీ గీస్తుంది. వాస్తు చూసి కొన్న ఇల్లు కదలదు గానీ, దాని బడి మారిపోవచ్చు.