జీతము విడుచుటకు ముందు వేయవలసిన లెక్క

హైదరాబాదు హైటెక్ సిటీలోనో, విశాఖపట్టణమున ఋషికొండమీదనో యొక సాఫ్ట్‌వేర్ సంస్థయందు పది పండ్రెండేండ్లు పనిచేసి, చేతివిద్య గట్టిపడిన యుద్యోగికి, ఒక యజమానివద్ద నెలజీతమునకు కట్టుబడి యుండుటకంటె తన నేర్పునకు తానే వెలకట్టి, కాంట్రాక్టులపై స్వతంత్రముగా పనిచేసికొనరాదా యను నాలోచన యేదో యొకనాడు రాక మానదు. అది తప్పుటాలోచన కాదు. న్యాయవాదులును, వైద్యులును, ఆడిటర్లును తరతరములుగా నట్లే జీవించుచున్నారు. అయితే రాజీనామా వ్రాయుటకు ముందు వేయవలసిన లెక్క యొకటి కలదు.

నెలకు లక్ష రూపాయల జీతము, అందు మూలవేతనము 50,000 గల యుద్యోగిని తీసికొందము. ఏటికి 12 లక్షలు; శని, ఆదివారములు పోగా పనిదినములు 261; కావున దినమునకు 4,600 అడిగిన చాలునని యతడు తలచును. కాని చేతికందు జీతమునకు వెలుపల అతనికై వ్యయమగుచున్న ధనము కొంత కలదు. యజమాని పూర్తి మూలవేతనముపై నూటికి 12 చొప్పున ప్రావిడెంటు ఫండు కట్టుచున్నచో, అది ఏటికి 72,000. గ్రాట్యుటీ, 1972 నాటి చట్టము నెలకొల్పిన రీతిని, నెలను 26 దినములుగా నెంచి, సేవచేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల వేతనము. అది సుమారు 28,800. కుటుంబమునకు సంస్థ చేయించిన ఆరోగ్యబీమాను 30,000గా నెంచినచో మొత్తము 13 లక్షల 30 వేలగును. ఇక దినముల సంగతి. పండుగలు పది, జీతముతోడి సెలవులు పదునెనిమిది తీసివేయవలెను. పని వెదకికొనుట, బేరమాడుట, బిల్లులు వ్రాయుట, ఒక పని ముగిసి మరియొకటి దొరకువరకు వేచియుండుట, వీనికన్నిటికిని ఏబది దినములైనను పోవును. మిగులునవి సుమారు 180. ఆ ధనమును ఈ దినములకు పంచినచో దినమునకు 7,400 వచ్చును. కాబట్టి 4,600కు ఒప్పుకొన్నవాడు స్వాతంత్ర్యము లభించినదను సంతోషములో తన రాబడిని మూడవవంతునకు పైగా తానే కోసికొనుచున్నాడు.

స్త్రీలు మరియొక యంశమును గూడ లెక్కింపవలెను. ప్రసూతి చట్టమును 2017లో సవరించినప్పటినుండి అర్హురాలైన యుద్యోగినికి 26 వారముల వేతనసహితమైన సెలవు లభించుచున్నది. స్వతంత్రముగా పనిచేయు స్త్రీకి ఆ యాఱు నెలల పోషణము తాను కూడబెట్టిన ధనమునుండియే జరుగవలెను. ఇది చిన్న విషయము కాదు.

పన్నుల సంగతి జనులు భయపడునంత కఠినము కాదు. సాంకేతిక సలహా మున్నగు పేర్కొనబడిన వృత్తులవారు, ఏటి రాబడి 50 లక్షల లోపున్నచో, అందు సగమునే యాదాయముగా చూపి పన్ను కట్టవచ్చును. సేవల రాబడి ఏటికి 20 లక్షలు దాటినచో జి.ఎస్.టి. రిజిస్ట్రేషను తప్పదు.

నిజమైన బాధ బిల్లు వసూలులో నున్నది. జీతము నెల తిరుగగానే వచ్చును. బిల్లు సొమ్ము అడిగి తెచ్చుకొనవలెను. ఉద్యమ్ రిజిస్ట్రేషను గల చిన్న సేవాదారునకు, వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను, 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము విధించుచున్నది. జాప్యమైనచో బ్యాంకురేటునకు మూడురెట్లు చక్రవడ్డీ. చట్టము బలమైనదే కాని, పనియిచ్చువాడు దూరమగునను భయముచే దానిని ప్రయోగింప జంకుట సహజము. ఆ భయమే నా ముఖ్యమైన మాటకు దారితీయుచున్నది: పనియిచ్చువాడు ఒక్కడే యైనచో అది స్వతంత్రవృత్తి కాదు, రక్షణలు తొలగింపబడిన యుద్యోగము. సౌరాష్ట్రములో ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ వారి యుప్పుమళ్లలో పండించిన యుప్పుకొలది కూలి పొందుచు, తమకు తోడుగా తామే కూలీలను పెట్టుకొను అగరియాలు స్వతంత్ర కాంట్రాక్టర్లని యజమానులు వాదింపగా, పని జరుగు విధానముపై అధికారమెవరిదో చూడవలెనని చెప్పి, సుప్రీంకోర్టు వారిని కార్మికులుగానే నిర్ణయించినది. కంప్యూటరు ముందు కూర్చుండువారును, ఎప్పుడు రావలెనో, ఎట్లు చేయవలెనో అన్నియు ఒక్క సంస్థయే శాసించుచుండగా, కాగితముమీది కాంట్రాక్టరు అను పేరుతో తృప్తిపడరాదు.

గ్రాట్యుటీకి సాధారణముగా ఐదేండ్ల సేవ కావలెను గనుక, నాలుగున్నరేండ్లకే విడుచువారు కొలది నెలలాగుట మేలు. గృహఋణము తీసికొను సంకల్పమున్నచో జీతముండగనే తీసికొనుడు. స్వతంత్రుల నుండి బ్యాంకులు రెండు మూడేండ్ల ఆదాయపుపన్ను పత్రములు కోరును. సంస్థ చేయించిన బీమా ఉద్యోగముతోనే ముగియును. మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారికి క్రొత్త పాలసీలో మూడేండ్లవరకు నిరీక్షణ యుండవచ్చును గనుక, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారుటను గూర్చి ముందుగనే విచారింపుడు. ఉద్యోగములో నుండి పైపని చేయుటను నియామకపత్రములు తరచుగా నిషేధించును. కావున నోటీసునకు ముందు సంభాషణలు మాత్రమే జరిపి, పనిని విడుదల పత్రము చేతికి వచ్చిన తరువాతనే మొదలిడుడు. ఆ సంభాషణలవలన ఇరువురు వేర్వేరు పనిదాతల యొప్పందములును, ఆఱు నెలల యింటిఖర్చును చేతిలో లేనిచో, నోటీసునే యీయక యుండుడు.