అడిగినదేమి?

వేసవి వచ్చినదనగా మామిడిపండ్లకంటె ముందు మన యిండ్లలోనికి ప్రవేశపరీక్ష వచ్చుచున్నది. పదునేడేండ్ల పిల్లవాడున్న యింట టెలివిజను మూగవోవును. చుట్టపుచూపుగా వచ్చినవారు గొంతు తగ్గించి మాటాడుదురు. తల్లి తెల్లవారుజామున నాలుగింటికే లేచి పాలు కాచును. ఇంత జాగరూకతతో సాగు ఈ సన్నాహములో, మనము ఒక చిన్న పనిని మరచుచున్నామేమో యని నా యనుమానము. ఆ పని ప్రశ్నను చదువుట.

నేను తెలుగు అధ్యాపకుడను. ఈ పరీక్షలో నా విషయమునకు ఒక్క మార్కైనను లేదు. అందుచేత రెండవ సంవత్సరపు విద్యార్థులు సంక్రాంతి దాటిన పిమ్మట నా తరగతిలో కూర్చుండియే బల్లక్రింద భౌతికశాస్త్రపు లెక్కలు చేసికొనుచుందురు. నేనును చూచి చూడనట్లుందును. పెక్కేండ్లు ఈ యేర్పాటు మా యుభయులకును సుఖముగనే సాగినది. అది నా కర్తవ్యలోపమని తెలియజెప్పినవాడు ఒక విద్యార్థి.

ఆ కథ చెప్పుటకు ముందు ఈ పరీక్ష పుట్టుకను గూర్చి ఒక మాట. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున క్యాపిటేషన్ ఫీజును నిషేధించుచు చట్టము చేయబడినది. 1986 నుండి ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య విద్యలకు ఉమ్మడిగా ఎంసెట్ అను ప్రవేశపరీక్ష నడచినది. తరువాత వైద్యవిద్యా ప్రవేశములు నీట్ పరీక్షకు మారినవి. ఆ మార్పునకు తగినట్లు ఆంధ్రప్రదేశ్ 2021లోను, తెలంగాణ 2024లోను దాని పేరును ఈఏపీసెట్ అని మార్చుకొన్నవి. పేరేదైనను దాని వెనుకనున్న ఆశయము గొప్పది. ధనవంతుని బిడ్డకును, కౌలురైతు బిడ్డకును కొలబద్ద యొక్కటే కావలెనని. కాని కొలబద్ద యొక్కటే యైనను దానిమీది అక్షరములు అందరికిని ఒక్కతీరుగ కనుపట్టవని నేను ఆలస్యముగ తెలిసికొంటిని.

2012వ సంవత్సరపు వేసవి. నేనప్పుడు పల్నాటి సీమలోని ఒక జూనియర్ కళాశాలలో పనిచేయుచుంటిని. మిరప కౌలుకు చేయు ఒక రైతు కుమారుడు, పదవ తరగతి వరకు మాత్రమే కాక ఇంటరు కూడ తెలుగు మాధ్యమముననే చదివినవాడు, ఒక సాయంకాలము మా యింటి అరుగుమీద వచ్చి కూర్చుండెను. చేతిలో నమూనా ప్రశ్నపత్రము. పరీక్షకు ఆరు వారములున్నది.

“నాయనా, నేను తెలుగు మాస్టారిని. ఇందులో నాకేం తెలుస్తుంది?” అంటిని.

“లెక్క వస్తుందండీ మాస్టారూ. అడిగిందేమిటో పట్టుబడటం లేదు” అనెను.

అతడు చూపిన ప్రశ్న యిది. 7 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తాకార మార్గమున ఒకడు 22 సెకన్లలో ఒక పూర్తి చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే చేరెను. అతని సగటు వేగమెంత? మా వాడు చుట్టుకొలత 44 మీటర్లని కట్టి, 22తో భాగించి, సెకనుకు 2 మీటర్లని గుర్తించెను. లెక్క ఎచ్చటను తప్పలేదు. కాని సరియైన సమాధానము సున్న.

నాకును విస్మయము కలిగినది. తెలుగు అకాడమి వారి పాఠ్యపుస్తకమును తెరచి యిద్దరమును నిర్వచనములు చదివితిమి. నడచిన దూరమును కాలముతో భాగింపగా వచ్చునది వడి. బయలుదేరిన చోటినుండి చేరిన చోటికి గల స్థానభ్రంశమును కాలముతో భాగింపగా వచ్చునది వేగము. బయలుదేరిన చోటికే చేరినవానికి స్థానభ్రంశము లేదు, కావున వేగమును లేదు. వాడుకలో వడి యన్నను వేగమన్నను మనకొక్కటే. శాస్త్రము వానిని వేరుచేసినది. ఆ పిల్లవానికి రాకపోయినది గణితము కాదు, ఒక తెలుగుమాట. ఆ మాట చెప్పవలసినవాడనై యుండియు, నేను రెండు సంవత్సరములు అతని యెదుట నిలిచి ఆ మాట చెప్పలేదు.

నాటినుండి ప్రతి సాయంకాలమును మా అరుగుమీద ఒక పాఠము జరిగెను. నేను చెప్పినది శాస్త్రము కాదు, పదముల నిర్మాణము మాత్రమే. ద్రావణి, ద్రావితము, ద్రావణము అను మూడు మాటలు రసాయనశాస్త్రమున పిల్లలను తికమక పెట్టును. శ్రీరామనవమి పానకమును తలచుకొనుమంటిని. కరగించుకొనునది నీరు, అది ద్రావణి. కరగింపబడినది బెల్లము, అది ద్రావితము. రెండును కలిసిన పానకము ద్రావణము. ‘లిఖితము’ అనగా వ్రాయబడినది, ‘పఠితము’ అనగా చదువబడినది. ఆ వరుసలోనిదే ‘ద్రావితము’. వ్యాకరణము తెలిసినవానికి ఇది బట్టీపట్టవలసిన మాట కాదు.

రెండవ చిక్కు తెలుగు వాక్యపు స్వభావములోనే యున్నది. మన వాక్యమున కాదనునది చివర వచ్చును. “క్రింది వానిలో సదిశరాశి కానిది ఏది?” అని ప్రశ్న. జవాబులు వేగము, బలము, త్వరణము, ద్రవ్యరాశి. తొందరపాటు గలవాడు ‘సదిశరాశి’ యను మాట కంటబడగానే మొదటి జవాబైన వేగమును గుర్తించి ముందునకు పోవును. ‘కానిది’ యను మూడక్షరములు అతనికొక మార్కు నష్టము కలిగించును. తెలుగు వాక్యమును తుదిముట్ట చదువనిదే అది ఔననుచున్నదో, కాదనుచున్నదో తెలియదు. ‘మాత్రమే’, ‘తప్ప’, ‘కనీసము’, ‘గరిష్ఠము’ అను మాటలును ఇట్టివే. వీని క్రింద పెన్సిలుతో గీత గీయుమని చెప్పితిని.

“అంత సమయం ఎక్కడిదండీ?” అని అతడు అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. 160 ప్రశ్నలకు 180 నిమిషములు. అనగా ఒక్కొక్కదానికి అరువదియేడున్నర సెకన్లు. కాని పదునైదు మాటల వాక్యమును నెమ్మదిగ చదువుటకు పది సెకన్లు చాలును. అడుగని లెక్కను చేయుటకు నిమిషమంతయు ఖర్చగును. ఆ నిమిషమున సంపాదించునది ఏమియు లేదు.

చదివిన ప్రశ్నకు జవాబు తెలియనప్పుడేమి చేయవలెనన్నదియు చదువుటలోనిదే. ఈఏపీసెట్ నందు తప్పునకు కోత లేదు. కావున ఏ ప్రశ్నను విడువరాదు. నీట్ నందు ఒప్పునకు 4, తప్పునకు 1 కోత. నాలుగు ప్రశ్నలకు కన్నులు మూసికొని గుర్తులు పెట్టినచో, సగటున ఒకటి ఒప్పయి 4 వచ్చి, మూడు తప్పయి 3 పోయి, మిగులునది 1. ప్రతి ప్రశ్నయందును రెండు జవాబులు పొసగవని త్రోసిపుచ్చగలిగినచో, ఆ నాలుగింట 8 వచ్చి 2 పోయి 6 మిగులును. త్రోసిపుచ్చుటకు మరల కావలసినది, ప్రశ్నను నిదానముగ చదువుటయే.

అతనిచే ఒక తప్పుల పుస్తకము పెట్టించితిని. తప్పిన ప్రతి ప్రశ్నకును ఎదుట మూడింటిలో నొకటి వ్రాయవలెను. తెలియలేదు, తెలిసియు జారితిని, ప్రశ్న అర్థము కాలేదు. మొదటి వారమున మూడవ రకము మూడవవంతునకు తక్కువ లేదు. చివరి వారమునకు అవి వేళ్లమీద లెక్కింపదగినన్ని మిగిలినవి.

పుస్తకము మూసి చెప్పుమని కూడ అడుగుచుంటిని. మన వీధిబడులలో దీనిని అప్పజెప్పుట యనిరి. అది పాతకాలపు హింస యని మనము త్రోసివేసితిమి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులచే చిన్న గద్యభాగములు చదివించి పరీక్షించిరి. అయిదు నిమిషములకే పరీక్షించినప్పుడు మరల మరల చదివినవారు మెరుగుగ నుండిరి. వారము గడచిన పిమ్మట, చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారే ఎక్కువ నిలుపుకొనిరి. మన తాతలు అప్పజెప్పించుకొనుటలో కొంత తెలివి లేకపోలేదు. అర్థము చెప్పక అప్పజెప్పించుట మాత్రమే వారి లోపము.

పరీక్ష జరిగినది. ఫలితము వచ్చినది. ఆరు వారములు చాలలేదు. అతడు కోరిన కళాశాలలో చోటు దొరకలేదు. చోటు దొరకు దూరపు కళాశాలలో వసతికి పెట్టుటకు తండ్రికి శక్తి లేదు. కబురు విని వారి యింటికి పోతిని.

“పంతులుగారూ, మీరన్నా చెప్పండి. రెండు రోజులైంది వీడు ముద్ద ముట్టి” అని తండ్రి వాకిటనే చెప్పెను.

పిల్లవాడు నులకమంచముమీద గోడవైపు తిరిగియుండెను. “ఏడాదంతా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాను మాస్టారూ. ఆ రోజు మనం చూసిన సున్నా ఇదే” అనెను.

నాకు వెంటనే మాట రాలేదు. కొంతసేపటికి, “నువ్వు చెప్పింది వేగం. నడిచిన దూరం ఎంతో చెప్పు” అంటిని.

చాలసేపు మిన్నకుండి, “నలభై నాలుగు మీటర్లు” అనెను. అతడు నవ్వలేదు. కాని లేచి, కాళ్లు కడుగుకొని వచ్చి, అన్నము ముందు కూర్చుండెను.

అతడు ఆ యేడు సమీపమున నున్న డిగ్రీ కళాశాలలో చేరి బి.ఎస్సీ., పిదప బి.ఇడి. చదివెను. ఇప్పుడొక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుడు. ఇంజనీరు కాలేకపోయినందులకు అతనికి చింత లేదని నేననను, అది అతడే చెప్పవలసినది. కాని అతని తరగతిలో పిల్లలు ప్రశ్న చదువునప్పుడు పెన్సిలు పట్టుకొందురు. ‘కానిది’ క్రింద గీత గీయుదురు. అది నేను కన్నులార చూచితిని.

నేటి విద్యార్థికి నాటికంటె వెసులుబాటు కలదు. నీట్ ను తెలుగులో వ్రాయవచ్చును. 2021 నుండి జేఈఈ మెయిన్ కూడ తెలుగులో నున్నది. అయితే అనువాదమున సందేహము వచ్చినచో ఆంగ్లమూలమే ప్రమాణమని నీట్ నియమము. కావున తెలుగున చదువువాడు ప్రక్కనున్న ఆంగ్ల వాక్యమును కూడ ఒక చూపు చూచుట మేలు. రెండు భాషలలో చదువగలుగుట భారము కాదు, రక్షణ.

తోటి తెలుగు ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటే. వారమునకొక గంట మీ తరగతిలోనికి ఒక భౌతికశాస్త్రపు ప్రశ్నను, ఒక జీవశాస్త్రపు ప్రశ్నను రానిండు. జవాబు చెప్పవలదు. వాక్యమును విడదీయించి, కర్తయేదో, క్రియయేదో, కాదనుచున్నదేదో పిల్లలచే చెప్పింపుడు. అందువలన మన విషయమునకు కలుగు లోటు లేదు. ఆ పనికి ఆరు వారములు చాలవని నేను ఒక పిల్లవాని ఖర్చుతో నేర్చుకొంటిని. రెండు సంవత్సరములైనచో చాలునని నా నమ్మకము.