హెపటైటిస్-బి: అన్నను విడిచి తమ్ముణ్ణి పట్టడమెందుకు?

ఒకే తల్లి బిడ్డలైన అన్నదమ్ములిద్దరికీ హెపటైటిస్-బి వైరస్ సోకిందనుకొందాం. అన్నకు కొన్ని వారాలు పచ్చకామెర్లు వచ్చి పూర్తిగా నయమవుతుంది. తమ్ముడిలో ఏ లక్షణమూ పొడచూపదు. కాని నలభై ఏళ్లు నిండేసరికి కాలేయం గట్టిపడి సిర్రోసిస్ బయటపడుతుంది. శత్రువు ఒక్కటే అయినప్పుడు ఫలితంలో ఇంత భేదమెందుకు?

మొదట చూడవలసింది వైరస్ సోకిన నాటి వయస్సు. పసికందుగా ఉండగా సోకితే నూటికి సుమారు 90 మందిలో అది జీవితాంతం తిష్ఠ వేస్తుంది. పెద్దవయస్సులో సోకితే అలా జరిగేది నూటికి అయిదుగురిలోపే. తక్కినవారు తమంతట తామే కోలుకొంటారు. పసరు వైద్యానికి మన ప్రాంతంలో అంతటి కీర్తి రావడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

పోనీ, ఇద్దరికీ ఒకే ఈడులో సోకినా ఫలితం ఒక్కటిగా ఉండదు. ఇక్కడ జన్యువుల పాత్ర మొదలవుతుంది. శరీరంలోని కొన్ని రక్షక కణాలు వైరస్‌ను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను హెచ్.ఎల్.ఎ. అనే అణువులో అమర్చి టి-కణాలకు చూపుతాయి. నాణ్యతా విభాగం ముందు నమూనా పెట్టడం వంటిదే ఇది. నమూనాను గుర్తుపట్టిన టి-కణమే దాడికి ఆజ్ఞ ఇస్తుంది. నమూనాను పట్టే ఆ పళ్లెం ఆకారం మనిషి మనిషికీ మారుతుంది. దానిని నిర్ణయించే జన్యువులు ఆరవ క్రోమోజోముపై ఉన్నాయి. తోబుట్టువులిద్దరిలో అవి అచ్చంగా ఒకటిగా ఉండే అవకాశం నాలుగింట ఒక వంతే.

ఆఫ్రికాలోని గాంబియాలో జరిపిన పరిశీలనలో, ఒకానొక హెచ్.ఎల్.ఎ. రూపం గలవారు వైరస్‌ను ఎక్కువగా వదిలించుకొంటున్నారని 1995లో తేలింది. 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు 786 మంది రోగులను, 2,201 మంది ఇతరులను పోల్చి, హెచ్.ఎల్.ఎ.-డిపి జన్యువుల వద్ద స్పష్టమైన తేడాలు కనుగొన్నారు. థాయ్ రోగులలోనూ అదే కనిపించింది. 2012లో వెలువడిన మరొక పరిశోధన నాకు మరీ ఆసక్తి కలిగించింది: డిపి అణువులు ఎక్కువగా తయారయ్యే జన్యురూపం గలవారిలోనే వైరస్ నిలిచిపోవడం అధికమట! రక్షణ సామగ్రి ఎంత ఉంటే అంత మేలనుకొనే మన ఇంజనీర్లకు ఇది వింతగా తోచక మానదు.

అయితే ఈ జన్యువులు అవకాశాలను అటూ ఇటూ జరుపుతాయే గాని తీర్పు చెప్పవు. "మా వంశంలోనే కాలేయ జబ్బుంది" అని నిట్టూర్చే కుటుంబాలలో తరచుగా జరిగింది వేరు: ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డలకు వైరస్ సంక్రమించింది. దానిని ఆపవచ్చు. పుట్టిన 24 గంటలలోపు తొలి టీకా వేయించాలి. తల్లికి వైరస్ ఉంటే బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం. ఈ టీకాను మన దేశంలోనే తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ.

టీకా విషయంలోనూ హెచ్.ఎల్.ఎ. ప్రభావం ఉంది. మూడు మోతాదులు పూర్తయినా కొందరు పెద్దలలో తగినన్ని ప్రతిరక్షకాలు తయారుకావు. కనుక ఆస్పత్రి సిబ్బంది, డయాలిసిస్ రోగులు చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్షతో సరిచూసుకోవాలి.

ఈ వైరస్ కలిసి భోంచేయడం వల్ల, కరచాలనం వల్ల సోకదు. క్యాంటీనులో సహోద్యోగికి వేరే కంచం పెట్టడం అన్యాయం. ఇంట్లో ఒకరికి ఉన్నదని తెలిస్తే తోబుట్టువులు, జీవిత భాగస్వామి, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రులలో పరీక్ష, మందులు ఉచితం.