మెట్టు మీద ఆగని స్వరం

తీగ వాద్యాలు వాయించేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, టీలు పూర్తయ్యేలోపు మాట రికార్డుల మీదకి రావాల్సిందే. "ఫోన్లో ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకుంటావురా?" అని ఎవడో ఒకడు అడుగుతాడు. ఇక ఆ పంచాయితీ తెగదు.

తణుకు చుట్టుపక్కల పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఇరవై ఏళ్లకు పైగా గిటారు వాయిస్తున్నాను. ఈ గొడవ నేను విన్నన్నిసార్లు ఎవరూ విని ఉండరు. ఒక సంగతి మాత్రం గమనించాను. వినేవాళ్లు పాటను ప్రేమిస్తారు. వాయించేవాళ్లు ఆ పాటలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారిని ప్రేమిస్తారు. స్పీడుగా వాయించడం చూసి జనం చప్పట్లు కొడతారు గానీ, మా వాళ్లు "ఆహా" అనేది మాత్రం స్వరం జారినచోటే. అలా జారే స్వరం కోసం మేం మళ్లీ మళ్లీ వినే రికార్డులు కొన్ని ఉన్నాయి. వాటిలో గొప్పవాటి వెనక మన పాలకొల్లు పేరు కూడా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఒళ్లో పడుకోబెట్టే గిటారు

ముందు స్టీల్ గిటార్ గురించి. పేరు చూసి అది స్టీలుతో చేసిందనుకోకండి. ఎడమ చేతిలో పట్టుకునే ఉక్కు కడ్డీ వల్ల వచ్చిన పేరది. గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగల మీద ఆ కడ్డీని జరుపుతూ, కుడి చేత్తో మీటుతారు. తీగలు బాగా ఎత్తుగా ఉంటాయి. కింద మెట్లు, అదేనండీ ఫ్రెట్లు, ఉన్నా తీగ వాటికి తగలదు. అవి కేవలం గుర్తులే. కడ్డీ సరిగ్గా మెట్టుకి పైనే ఉండాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయిందా, అపస్వరమే. సుఖం ఎంతో ప్రమాదమూ అంతే.

19వ శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు ఈ పద్ధతికి ప్రాణం పోశాడని చెబుతారు. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. 1940ల్లో టావ్ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా కలకత్తాలో ఉండి వాయించాడు. ఆ తర్వాత వాన్ షిప్లీ, సునీల్ గంగూలీ లాంటివాళ్లు సినిమా పాటల్ని హవాయిన్ గిటారు మీద రికార్డులుగా ఇచ్చారు. రేడియోలో ఒక కార్యక్రమానికీ ఇంకో కార్యక్రమానికీ మధ్య ఖాళీ వచ్చినప్పుడు మాటల్లేకుండా పాట వినిపించేది గుర్తుందా? తీగ ఏడుస్తున్నట్టుండే ఆ సౌండు చాలాసార్లు ఈ గిటారుదే. పేరు తెలియకపోయినా మన ఇళ్లల్లో అందరూ విన్నదే.

నిజానికి ఈ జారుడు విద్య మనకేం కొత్త కాదు. మెట్లు లేని వీణ మీద కొయ్య ముక్క జరుపుతూ వాయించే గోటువాద్యం మన దక్షిణాదిలో ఎప్పుడో ఉంది. 17వ శతాబ్దంలో తంజావూరునేలిన రఘునాథ నాయకుడు తెలుగులో రాసిన 'శృంగార సావిత్రి'లోనే ఆ పేరు కనిపిస్తుందని సంగీత చరిత్ర రాసినవాళ్లు చూపిస్తారు. ఇప్పుడు చిత్రవీణ అంటున్నది దాన్నే. మన సంగీతంలో 'జారు' అని ఏకంగా ఒక గమకమే ఉంది కదా! అందుకే హవాయి గిటారు మన చెవికి పరాయిదిగా అనిపించలేదు.

కాశ్మీరు కొండల్లో ఒక రోజు

స్టీల్ గిటార్ వాళ్లు ముందుగా చెప్పే రికార్డు 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'. 1967లో వచ్చింది. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీరులో ఒక గొర్రెల కాపరి గడిపే రోజును, పొద్దున రాగాల నుంచి రాత్రి రాగాల దాకా నడిపిస్తారు.

జనం సంతూర్‌నీ వేణువునీ గుర్తుపెట్టుకున్నారు. మావాళ్లు మాత్రం కాబ్రా కోసం వింటారు. ఎందుకంటే ఆ మూడు వాద్యాల్లో సంతూర్‌కి ఒక ఇబ్బంది ఉంది. సుత్తి లాంటి పుల్లతో కొడితే పలికే వాద్యం అది, స్వరాన్ని లాగడం కష్టం. ఆ లాగుడు బాధ్యత గిటారు మీద పడింది. సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ దగ్గర నేర్చుకున్న కాబ్రా, సినిమా పాటలకి పరిమితమైన గిటారు చేత రాగాలాపన చేయించాడు. ఎక్కడా తొందర లేదు. "తక్కువ వాయించి ఎక్కువ వినిపించడం ఎలాగో దీంట్లో నేర్చుకోవాలిరా" అని మా మాస్టారు ఒకాయన అనేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే.

ఒక్క రాత్రి స్నేహం

రెండోది 'ఎ మీటింగ్ బై ద రివర్'. జైపూర్‌కి చెందిన విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ 1992లో కాలిఫోర్నియాలోని శాంతా బార్బరాలో ఒక ప్రార్థనా మందిరంలో కూర్చుని వాయించారు. అంతకుముందు పరిచయం లేదు, రిహార్సల్ లేదు. కలుసుకున్న గంటలోపే రికార్డింగ్ మొదలైంది. 1994లో దానికి గ్రామీ వచ్చింది.

భట్ తన గిటారుకి చికారీ తీగలు, కింద అనుధ్వని ఇచ్చే తరఫ్ తీగలు కలిపి దాదాపు 20 తీగలు బిగించి, మోహన్ వీణ అని పేరు పెట్టుకున్నాడు. కూడర్ వేలికి గొట్టం తొడుక్కుని అమెరికా నల్లవాళ్ల బ్లూస్ పద్ధతిలో జారుస్తాడు. ఒకరిది మీండ్, ఇంకొకరిది బ్లూస్. భాషలు వేరైనా ఇద్దరి చేతుల్లోనూ జారుడే.

దీన్ని మావాళ్లు ఇష్టపడేది గ్రామీ వచ్చినందుకు కాదు. ఒకాయన వాయిస్తుంటే రెండో ఆయన ఎక్కడ ఊరుకున్నాడో వినండి. ఆర్కెస్ట్రాలో వాయించేవాడికి అన్నిటికంటే కష్టమైన పని ఊరుకోవడం.

అడ్డున్న వాద్యంతో

ఇంతవరకూ చెప్పిన గిటార్లకి జారుడు పుట్టుకతో వచ్చిన వరం. ఇప్పుడు దానికి పూర్తిగా ఎదురు నిలిచే వాద్యం దగ్గరికి వద్దాం. మాండలిన్. చిన్న మెడ, దగ్గరదగ్గరగా మెట్లు, జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన శబ్దం మూడు లెక్కపెట్టేలోపే ఆరిపోతుంది. అందుకే పాత వాళ్లు ఒకే స్వరాన్ని గడగడా మీటుతూ నిలబెట్టేవాళ్లు. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం దీంట్లో పలకదని పెద్దలు తేల్చేశారు.

1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ తీర్పుని తిరగరాశాడు. తణుకు నుంచి పెనుగొండ, మార్టేరు మీదుగా బస్సెక్కితే వచ్చే పాలకొల్లే అది. నాన్న సత్యనారాయణ వాద్యకారుడు. పిల్లాడు ఆరేళ్ల వయసులో ఆయన మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు.

అసలు రహస్యం ఇక్కడే ఉందనుకుంటాను. గురువుకి మాండలిన్ వచ్చుంటే, "ఇది దీంట్లో రాదురా అబ్బాయ్" అని ఎక్కడో ఒకచోట ఆపేసేవారేమో. గొంతుకి ఆ హద్దులు లేవు. గొంతులో వచ్చింది చేతిలో రావాల్సిందే. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించేసరికి పెద్దలు కూడా తలలూపారు.

వాద్యాన్ని కూడా తన పద్ధతికి మార్చుకున్నాడు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు. జంటగా ఉంటే రెండూ ఒకేలా లాగడం కుదరదు, ఒంటి తీగైతే వేలు చెప్పినట్టు వింటుంది. కింది స్థాయి కోసం ఐదో తీగ కలిపాడు. కరెంటు పెట్టి, ఆరిపోయే నాదాన్ని నిలబెట్టాడు. మిగిలిందంతా ఎడమ చేతి వేళ్లే. మెట్లున్నచోట మెట్లు లేనట్టు!

మేం వదలని మూడు

ఆయన రికార్డుల్లో మావాళ్లు పదేపదే చెప్పేవి మూడు. 1994లో రియల్ వరల్డ్ సంస్థ తెచ్చిన 'రామ శ్రీరామ' మొదటిది. ఇది సంప్రదాయ కచేరీ బాణీ. నేర్చుకునేవాడు దీంతోనే మొదలుపెట్టాలి, గమకం శుద్ధంగా వినిపిస్తుంది.

రెండోది 1995లో మైకేల్ బ్రూక్‌తో చేసిన 'డ్రీమ్'. మీటిన స్వరం ఎంతసేపైనా ఆగకుండా మోగే 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసింది ఈ బ్రూకే. ఒక పక్క ఎప్పటికీ ఆరని స్వరం, ఇంకో పక్క క్షణంలో ఆరిపోయే మాండలిన్. ఆ రెండూ పక్కపక్కన వింటే, ఆరిపోయే దాంట్లో ఎంత అందం ఉందో తెలుస్తుంది.

మూడోది 'సాటర్డే నైట్ ఇన్ బాంబే', 2001. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందం ముంబై వేదిక మీద వాయించింది. శ్రీనివాస్ ఆ బృందంలో మనిషి. ఆ రాత్రి అతిథుల్లో శివకుమార్ శర్మ ఉన్నారు, దేబాశిష్ భట్టాచార్య కూడా ఉన్నారు. దేబాశిష్ వాయించేది స్లైడ్ గిటార్, ఆయన నేర్చుకున్నది కాబ్రా దగ్గర. అంటే 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'లోని సంతూరూ, ఆ గిటారు శిష్యపరంపరా, మన పాలకొల్లు మాండలినూ ఒకే రికార్డులో చేరాయన్నమాట. జారుడు వరంగా దొరికినవాడూ, దాన్ని కష్టపడి సంపాదించుకున్నవాడూ ఒకే వేదిక ఎక్కారు. ఫోన్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఇదే.

"నేర్చుకుంటే ఏమొస్తదండీ?"

2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే శ్రీనివాస్ వెళ్లిపోయారు. ఇప్పుడు నేర్చుకునేవాళ్లకి దొరికేది ఆ రికార్డులే. తమ్ముడు రాజేష్, శిష్యులు ఆ విద్యని నిలబెడుతున్నారు గానీ, ఊళ్లల్లో ఉన్న పిల్లలకి అంత దూరం వెళ్లే దారేదీ?

ఇంకో పక్క మా బతుకులు చూడండి. ఒకప్పుడు మా పార్టీలో పదకొండు మందిమి. ఇప్పుడు కీబోర్డు, ప్యాడు, ఇద్దరు గాయకులు, ముహూర్తం బాగుంటే నేను. వీణ కావాలన్నా, సితార్ కావాలన్నా కీబోర్డులో బటన్ ఉంది. జారుడుకి కూడా పక్కన చిన్న చక్రం ఉంది. తిప్పితే స్వరం వంగుతుంది.

నా దగ్గరికొచ్చే కుర్రాడు ఒకడు, రైసుమిల్లులో పనిచేసేవాళ్లబ్బాయి, మొన్న సూటిగా అడిగాడు. "మాస్టారూ, ఇది నేర్చుకుంటే ఏమొస్తదండీ?"

డబ్బులొస్తాయని నేను చెప్పలేదు. రావు. మా పార్టీలో కీబోర్డు అబ్బాయి చక్రంతో వంచిన స్వరం ఒకటి వినిపించాను. తర్వాత 'రామ శ్రీరామ' పెట్టాను. రెండుసార్లు విన్నాడు. "అది వంగుతోందండీ. ఇది వెళ్తోంది" అన్నాడు. పద్నాలుగేళ్లవాడు. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఇప్పుడు వాడు ఫోన్లో స్పీడు సగానికి తగ్గించి, ఒక చిన్న ముక్కనే పదేపదే వింటున్నాడు. నేనొకటే షరతు పెట్టాను. ముందు గొంతుతో పాడాలి, ఆ తర్వాతే తీగ ముట్టుకోవాలి. సుబ్బరాజు గారి పద్ధతే మరి. గొంతు ఎలా ఉన్నా ఫర్వాలేదు, దారి తెలిస్తే చాలు.

మీకు వాయించడం రాకపోయినా ఒక పని చెయ్యండి. ఈ రికార్డుల్లో ఏదో ఒకటి పెట్టుకుని, స్వరాలు వదిలేసి, వాటి మధ్య ఏం జరుగుతోందో వినండి. మాబోటివాళ్లం దేనికోసం ఇంకా ఈ పనిలో ఉన్నామో మీకే తెలుస్తుంది.