తూటాకి కొవ్వెందుకు?

టెన్త్ సోషల్‌లో మనమందరం రాసిన ఆన్సరే. 1857 తిరుగుబాటుకి తక్షణ కారణం ఏమిటి? ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త. రెండు మార్కులు. నేను ఇంగ్లీష్ మీడియం కాబట్టి "గ్రీజ్డ్ కార్ట్రిడ్జెస్" అని స్టైల్‌గా రాసి, ఆ రెండు మార్కులూ తెచ్చుకున్నాను. కానీ ఒక్క ప్రశ్న మాత్రం నేనూ అడగలేదు, క్లాసులో ఎవరూ అడగలేదు. అసలు తూటాకి కొవ్వు పూయడం ఎందుకు? అదేమైనా పూరీనా?

ఈ మధ్య హాస్టల్‌లో ఈ టాపిక్ వస్తే మా మెకానికల్ రూమ్మేట్ "ఫ్రిక్షన్ తగ్గడానికి రా, ఇంకెందుకు" అని తేల్చేశాడు. సగం కరెక్టే. మిగతా సగం కోసం వెతుకుతూ వెళ్తే నాకు మెకానికల్ కంటే కెమిస్ట్రీ, కెమిస్ట్రీ కంటే మన దీపావళి ఎక్కువ పనికొచ్చాయి.

మా తాతయ్య చిన్నప్పుడు చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవారట. సూరేకారం, గంధకం, బొగ్గు, కొంచెం ఇనుప రజను. ఆ రజను తీసేసి, పాళ్ళు మార్చి, మెత్తగా నూరితే అదే పాతకాలపు తుపాకీ మందు, అంటే నల్లమందు (తినే నల్లమందు కాదండోయ్). వందకి సుమారు 75 పాళ్ళు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. వందల ఏళ్ళు ప్రపంచంలో తుపాకులన్నీ దీంతోనే పేలాయి.

దీనికి ఒక దరిద్రమైన లక్షణం ఉంది. కాలాక పూర్తిగా గ్యాస్ అయిపోదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్ లాంటి లవణాలు. కొంత పొగగా బయటికి పోతుంది (పాత యుద్ధాల బొమ్మల్లో కనిపించే తెల్లటి మేఘాలు అవే), మిగతాది గొట్టం లోపల పేరుకుంటుంది. దీపావళి మర్నాడు పొద్దున్న వాకిట్లో చిచ్చుబుడ్డి కాల్చిన చోట తడిగా, జిగటగా ఉండే మసి చూశారా? ఆ లవణాలు గాలిలో తేమని లాక్కుంటాయి. తేమ ఉన్నంతసేపు మెత్తగా ఉంటుంది. కానీ పొడి ఎండలో, వరసగా కాలుస్తూ వేడెక్కిన ఇనుప గొట్టంలో అదే మసి గచ్చులా గట్టిపడిపోతుంది.

పాత తుపాకులకి ఇది పెద్ద సమస్య కాదు. కంపెనీ సిపాయిలు మొదట వాడిన మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది, గుండు దాని కంటే బాగా చిన్నది. మసి పేరుకున్నా గుండు జారిపోయేది. అంత వదులు కాబట్టే గురి కూడా దేవుడి దయ. వంద గజాలు దాటితే ఎవరికి తగులుతుందో పేల్చినవాడికే తెలీదు.

రైఫిల్ అలా కాదు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. గుండు ఆ గాడుల్ని పట్టుకుని తిరుగుతూ బయటికొస్తుంది, అందుకే సూటిగా పోతుంది. మరి గాడుల్ని పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి వైపు నుంచి లోపలికి దూరదు, ఎందుకంటే అప్పటి తుపాకుల్లో మందూ గుండూ రెండూ మూతి నుంచే కూరాలి. ఈ తిరకాసుకి 1849లో ఫ్రాన్స్‌లో మినియే అనే సైనికాధికారి మంచి ఉపాయం పట్టాడు. సీసం గుండుని కొంచెం సన్నగా పోతపోసి, అడుగున గిన్నెలా గుంట పెట్టాడు. మందు పేలగానే ఆ గుంట ఉబ్బి గాడుల్లో బిగుసుకుంటుంది. వెళ్ళేటప్పుడు వదులు, వచ్చేటప్పుడు బిగుతు. నాకైతే ఇది నిజంగా అందమైన డిజైన్ అనిపించింది.

ఇంగ్లీషువాళ్ళ 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ ఈ ఐడియా మీద వచ్చిందే. గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళాలు, గుండు 0.568. తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు, అందులోనే గుండు చుట్టూ చుట్టిన కాగితం కూడా పట్టాలి. ఒక్కో దెబ్బకి సుమారు నాలుగున్నర గ్రాముల మందు. అంటే పేల్చిన ప్రతిసారీ రెండు గ్రాముల పైన మసి, లవణాలు తయారవుతాయి. అందులో కొంచెం గొట్టానికి అంటుకుని గట్టిపడినా చాలు, కొన్ని దెబ్బల తర్వాత గుండు సగంలో ఇరుక్కుంటుంది. ఎదురుగా శత్రువు, చేతిలో గజం కడ్డీ, గొట్టంలో దిగని గుండు. ఊహించుకోండి.

ఇక్కడ వస్తుంది కొవ్వు. అది మసితో కలిసి దాన్ని ఎండిపోకుండా మెత్తగా ఉంచుతుంది. తర్వాత దిగే గుండు కిందికి వెళ్తూ ఆ మెత్తటి మసిని తుడుచుకుంటూ పోతుంది. సీసం గొట్టానికి రాసుకుని అంటుకోవడం కూడా తగ్గుతుంది (మా రూమ్మేట్ చెప్పిన సగం ఇదే). ఇప్పటికీ అమెరికాలో సరదాగా నల్లమందు తుపాకులు కాల్చేవాళ్ళు, గుండ్లు ఇంట్లో పోతపోసుకునేవాళ్ళు తేనెమైనంలో జంతువుల కొవ్వో వంటనూనె కొవ్వో కలిపే వాడతారు. బైకుకి వాడే పెట్రోలియం గ్రీజు దీనికి పనికిరాదు. ఈ మసితో కలిసి తారులా తయారై కూర్చుంటుందని వాళ్ళ గోల.

అయితే కొవ్వు అంటే ఏదో ఒకటి పూసేయడం కాదు. గుండుకి అంటాలి, మందుకి అంటకూడదు. మందు జిడ్డయితే సరిగా పేలదు. ఎన్‌ఫీల్డ్ తూటా ఈ విషయంలో నీట్‌గా చేశారు. అది ఒక కాగితం గొట్టం. ఒక కొసలో మందు, రెండో కొసలో తలకిందులుగా పెట్టిన గుండు, మధ్యలో అడ్డం. గుండు ఉన్న కొసని మాత్రమే, బయటి వైపు, కరిగించిన కొవ్వులో ముంచుతారు. సిపాయి మందు ఉన్న కొసని పళ్ళతో కొరికి చింపి, మందుని గొట్టంలో పోసి, తూటాని తిప్పి, జిడ్డు కాగితంతో సహా గుండుని మూతిలో పెట్టి, మిగతా కాగితం చింపేసి, కడ్డీతో దించుతాడు.

అంటే నోట్లో పెట్టేది ఒక కొస, కొవ్వు ఉండేది ఇంకో కొస. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. డ్రాయింగ్ ప్రకారం కొవ్వు నోటికి తగలదు. కానీ డ్రాయింగ్ వేరు, మే నెల వేరు. జంతువుల కొవ్వు దాదాపు 40, 45 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. మూసిన పెట్టెలో కట్టలుగా కట్టిన తూటాలు ఎండలో ఉంటే జిడ్డు ఎక్కడికి పాకుతుందో చెప్పనక్కర్లేదు. పైగా చేత్తో పట్టుకోవడమే తప్పు అనుకునేవాడికి ఏ కొస అయితే ఏంటి?

మరి అది ఏ కొవ్వు? టాలో, అంటే కరిగించి వడకట్టిన జంతువుల కొవ్వు, అందులో కొంచెం మైనం. ఏ జంతువు అని స్పెసిఫికేషన్‌లో ఎవరూ రాయలేదు. కలకత్తాలో తయారీ మొదలైనప్పుడు కాంట్రాక్టర్ టాలో తెచ్చాడు, ఆయుధశాల తీసుకుంది. గొర్రెదా, ఆవుదా, పందిదా అని ఎవరూ అడగలేదు. గొడవ మొదలయ్యాక విచారిస్తే, ఫలానా కొవ్వు కాదు అని గట్టిగా చెప్పగలిగిన అధికారి ఒక్కడూ లేడు. సాఫ్ట్‌వేర్‌లో మనం ఎక్కడిదో లైబ్రరీ దించుకుని లోపల ఏముందో చూడకుండా వాడతాం చూడండి, అలాగే. కాకపోతే ఇక్కడ క్రాష్ అయింది ప్రోగ్రామ్ కాదు.

అలా అని ముందే హెచ్చరించినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 1853లోనే ఇంగ్లండ్ నుంచి కొన్ని తూటాలు ఇక్కడికి పంపారు, మన వాతావరణానికి ఆ గ్రీజు తట్టుకుంటుందా లేదా చూడటానికి. అప్పుడే కర్నల్ టక్కర్ అనే అధికారి, ఈ గ్రీజు కులాచారానికి అడ్డురానిదని తేలితే తప్ప దేశీ పటాలాలకి ఇవ్వకూడదని రాశాడు. టెస్టింగ్ మాత్రం ఎండకి కరుగుతుందా లేదా అన్నదాని మీదే నడిచింది. ఆ ఉత్తరం ఫైళ్ళలో ఉండిపోయింది.

1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఒక ఖలాసీ, బ్రాహ్మణ సిపాయిని లోటాలో నీళ్ళు అడిగాడట. సిపాయి ఇవ్వనన్నాడు. "త్వరలో ఆవు కొవ్వూ పంది కొవ్వూ కొరుకుతారుగా, అప్పుడు మీ కులం ఎక్కడుంటుందో చూద్దాం" అన్న అర్థం వచ్చేలా ఖలాసీ ఎత్తిపొడిచాడట. ఆ మాట నెలలోపే పటాలాలన్నీ తిరిగింది.

ప్రభుత్వం ఊరుకుందని మనం అనుకుంటాం కానీ, ఊరుకోలేదు. జనవరి నెలాఖరుకే ఆర్డర్ వచ్చింది. తూటాలు గ్రీజు లేకుండా ఇస్తాం, మైనమో నూనెో మీకు నచ్చింది బజార్లో కొనుక్కుని మీరే పూసుకోండి అని. అప్పుడు అనుమానం కాగితం మీదికి వెళ్ళింది. కొత్త కాగితం ఎందుకు మెరుస్తోంది, అందులోనే కొవ్వు ఉందేమో అని. పరీక్ష చేయించి కొవ్వు లేదన్నారు, ఎవరూ నమ్మలేదు. తర్వాత కొరకడం మానేసి చేత్తో చింపేలా డ్రిల్ మార్చారు. నాకు అర్థమైనంతలో ఇది ఇంకా దెబ్బకొట్టింది. తప్పు లేకపోతే పద్ధతి ఎందుకు మార్చారు అనే ప్రశ్నకి జవాబు ఏముంటుంది?

మార్చి 29న బరాక్‌పూర్‌లో మంగళ్ పాండే. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది అశ్వికుల్లో 85 మంది తూటాలు ముట్టం అన్నారు. వాళ్ళకిచ్చినవి ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, ఎప్పటినుంచో వాడుతున్న పాతరకం. అప్పటికి అది ఎవరూ పట్టించుకునే స్థితిలో లేరు. మే 9న పరేడ్‌లో అందరి ముందూ వాళ్ళకి సంకెళ్ళు బిగించారు. మర్నాడు, ఆదివారం సాయంత్రం, మీరట్ లేచింది.

నిజానికి ఒక్క కొవ్వు వల్లే ఇదంతా జరగలేదు. అంతకు ముందు ఏడాదే అవధ్‌ని కలిపేసుకున్నారు, సిపాయిల్లో చాలామంది అక్కడివాళ్ళే. సముద్రం దాటి వెళ్ళాలన్నా కాదనకూడదని కొత్త రూలు పెట్టారు. జీతాలు, ప్రమోషన్లు, భూములు, చాలా ఉన్నాయి. "తక్షణ కారణం" అన్న మాటకి అర్థం నాకు ఇప్పుడు తెలిసింది.

మన వైపు కూడా దీని సెగ తగిలింది. ఔరంగాబాద్‌లో హైదరాబాద్ కాంటింజెంట్ అశ్వికులు ఎదురుతిరిగారు. అక్కడినుంచి తప్పించుకుని హైదరాబాద్ వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌ని పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించారు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ మనుషుల్ని వెంటేసుకుని రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. ఆ బిల్డింగే తర్వాత కోఠి ఉమెన్స్ కాలేజీ అయింది. సెకండ్ హ్యాండ్ పుస్తకాల కోసం ఎన్నిసార్లు దాని గోడ పక్కన నడిచానో.

ఇంకొక్క విషయం. తర్వాతి రోజుల్లో ఎన్‌ఫీల్డ్ తూటాలకి టాలో పోయి ప్రధానంగా తేనెమైనమే వాడారు. మతం సంగతి పక్కన పెట్టినా మైనమే మంచిది. టాలోలో ఉండే ఆమ్లాలు నిల్వ ఉంటే సీసాన్ని తింటాయి, గుండు మీద పొర కడుతుంది. మైనం 62 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కలకత్తా మే నెలకి కూడా.